ఒప్పందం బీటవారిన చోట: యూరప్ ప్రాంతీయ స్వాతంత్ర్యోద్యమాలు, పాపులిజం

సంక్షిప్తంగా: పెద్ద సమాఖ్యలో ఉంటూనే సొంత దేశం కోరే ప్రాంతీయ ఉద్యమాలకు భాష, సంపద, వెనుకబాటుతనం నేపథ్యాన్ని ఇస్తాయి. వాటికి దీర్ఘాయుష్షు ఇచ్చేది మాత్రం, కుదిరిన ఒప్పందాన్ని అవతలి పక్షం ఏకపక్షంగా మార్చేసిందన్న నమ్మకం. పాపులిజం ఆ నమ్మకానికి వేగాన్ని జోడిస్తుంది. అలాంటి భంగం జరగని చోట పాపులిజం త్వరలోనే మరో ప్రత్యర్థిని వెతుక్కుంటుంది. యూరోపియన్ యూనియన్ విడిపోవాలన్న ఊహను తేలిక చేసింది, విడిపోవడాన్ని మాత్రం చాలా ఖరీదైన వ్యవహారంగా మార్చింది.

బ్రిటన్‌లోని స్కాట్లాండ్, స్పెయిన్‌లోని కాటలోనియా, బెల్జియంలోని ఫ్లాండర్స్ పేర్లు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా గోదావరి డెల్టా పాఠకులకు వెంటనే తట్టేది 2014 నాటి రాష్ట్ర విభజన. కాస్త పెద్ద వయసు వారికైతే 1972 నాటి జై ఆంధ్ర ఉద్యమం కూడా గుర్తుకొస్తుంది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కోస్తా జిల్లాలు భగ్గుమన్నాయి. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు మంత్రివర్గం వైదొలగి రాష్ట్రపతి పాలన వచ్చింది. అంతకు ముందు 1969లో తెలంగాణలో చెలరేగిన ఉద్యమం, ఆ ప్రాంతానికి రక్షణలు హామీ ఇచ్చిన 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదని నిలదీసింది. అదే ఏర్పాటు తమను సొంత రాజధానిలో పరాయివాళ్లను చేసిందని కోస్తా నిలదీసింది. ఇంతటి అనుభవం ఉన్న ప్రాంతం యూరప్ వార్తలను తన గతంతో పోల్చి చదువుకోవడం సహజం. ఆ పోలిక కొంతవరకు నిలుస్తుంది, ఒక ముఖ్యమైన చోట తప్పుతుంది.

రాష్ట్రం కోరడం, దేశం కోరడం

భారత రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం పార్లమెంటు సాధారణ మెజారిటీతో ఒక రాష్ట్రాన్ని చీల్చవచ్చు, కలపవచ్చు, దాని పేరు మార్చవచ్చు. సంబంధిత శాసనసభ అభిప్రాయం కోరాలి, కానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించడం, జూన్ 2న తెలంగాణ ఏర్పడటం ఈ నియమం వల్లనే సాధ్యమయ్యాయి. దేశం నుంచి వేరుపడే దారి మాత్రం పూర్తిగా మూసి ఉంది. ద్రవిడనాడు కోరిన డీఎంకే, 1963లో 16వ రాజ్యాంగ సవరణ వచ్చి చట్టసభలకు పోటీచేసేవారు దేశ సమగ్రతకు కట్టుబడతామని ప్రమాణం చేయాల్సి వచ్చినప్పుడు, ఆ కోరికను విడిచిపెట్టి రాష్ట్రాల హక్కుల బాట పట్టింది. అంటే లోపలి హద్దులు మార్చుకునే వెసులుబాటు ఇస్తూ బయటి హద్దును బిగించిన ఏర్పాటు ఇది.

స్పెయిన్‌లో లోపలి సర్దుబాటుకు ఇంత వెసులుబాటు లేదు. 1978 రాజ్యాంగం దేశ ఐక్యత విడదీయరానిదని రెండో అధికరణలోనే ప్రకటించి, దాని కిందే ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చింది. ఏ ప్రాంతానికి ఎంత అధికారం అన్నది విడివిడి శాసనాలతో తేలుతుంది, వాటి మీద చివరి మాట రాజ్యాంగ న్యాయస్థానానిది. అయితే స్పెయిన్‌కు పైన మరో అంతస్తు ఉంది, అది బ్రస్సెల్స్ కేంద్రంగా నడిచే యూరోపియన్ యూనియన్. ద్రవ్యం, వాణిజ్యం, సరిహద్దు సుంకాలు చాలావరకు బ్రస్సెల్స్ చేతిలో ఉన్నప్పుడు మధ్యలో మాడ్రిడ్ ఎందుకన్న ప్రశ్న కాటలోనియా రాజధాని బార్సిలోనాలో పుట్టడానికి ఆ పై అంతస్తే వీలు కల్పించింది. ఢిల్లీకి పైన అలాంటిదేమీ లేదు కనుక హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఆ ప్రశ్న పుట్టదు.

పాపులిజం ఎలా పనిచేస్తుంది

తెలుగు పత్రికల్లో జనాకర్షక రాజకీయం అంటే ఎక్కువగా ఉచిత పథకాలని అర్థం. ఇక్కడ పాపులిజం అంటే మరొకటి: సమాజాన్ని నిష్కల్మషమైన ప్రజలు, అవినీతిపరులైన పెద్దలు అనే రెండు శిబిరాలుగా చూపి, పాలన అంతా ఆ ప్రజల ఇష్టం మీదే నడవాలని వాదించే ధోరణి. డచ్ రాజనీతి శాస్త్రవేత్త కాస్ ముడ్డె 2004లో ఇచ్చిన ఈ నిర్వచనమే నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. దీనికి సొంత కార్యక్రమం అంటూ పెద్దగా ఉండదు, అందుకే వామపక్షంతోనూ మితవాదంతోనూ సులువుగా అతుక్కుంటుంది.

ఇది ప్రాంతీయ ఉద్యమంతో కలిసినప్పుడు ఆ రెండు శిబిరాల మధ్య గీత భౌగోళిక హద్దుగా మారుతుంది. ప్రజలంటే ఈ ప్రాంతం వాళ్లు, పెద్దలంటే దూరపు రాజధానిలో కూర్చున్నవాళ్లు. ఇందులో ప్రాంతీయ పాలకులకు గొప్ప సౌలభ్యం ఉంది. తాము కూడా అధికారంలోనే ఉన్నా, తమ చేతులతోనే జీతాలు, ఆసుపత్రి ఖర్చులు కోస్తున్నా, ప్రజల శిబిరంలోనే నిలబడి మాట్లాడవచ్చు.

అయితే ప్రజలు కొరతను భరించినంతగా మాట తప్పడాన్ని భరించరు. దాళ్వాలో గోదావరి ప్రవాహం సన్నగిల్లితే డెల్టా కాలువలకు వంతులవారీగా నీరు వదలడం మామూలే. నీరు తక్కువగా ఉందని శివారు రైతు లాకుల దగ్గరికొచ్చి తగువు పడడు, తన వంతు రోజున ఎగువన తూములు ఎత్తి ఉంటే మాత్రం తప్పకుండా పడతాడు. పన్నులు, అధికారాల పంపకంలో ప్రాంతాల నడత కూడా ఇదే. యూరప్ ఉద్యమాల్లో ఏది నిలిచింది, ఏది కరిగిపోయింది అన్నది ఈ కోణం నుంచి చూస్తే స్పష్టపడుతుంది.

పో నది నీళ్లు

ఆల్ప్స్ పర్వతాల్లో మోన్‌వీజో పాదాల దగ్గర పుట్టి, 650 కిలోమీటర్లు తూర్పుకు పారి, ఏడ్రియాటిక్ సముద్రంలో డెల్టాగా చీలిపోయే పో నది ఉత్తర ఇటలీకి జీవనాడి. వరి పండే నేల అది, పరిశ్రమల నేల కూడా. 1996 సెప్టెంబరులో ఉత్తరాది పార్టీ నార్తర్న్ లీగ్ నాయకుడు ఉంబెర్తో బోసీ ఆ నది పుట్టిన చోట ఒక చిన్న గాజు సీసాలో నీళ్లు పట్టి, నది వెంట వెనిస్ వరకు యాత్రగా వచ్చి, ఆ నీటిని అక్కడి సముద్రపు కయ్యలో కుమ్మరించి, పదానియా అనే స్వతంత్ర దేశం ఏర్పడిందని ప్రకటించాడు. ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. ఆ పేరుతో చరిత్రలో రాజ్యం లేదు, ఒకే భాష లేదు, విడిగా పాలించుకున్న జ్ఞాపకమూ లేదు. అయినా ఆ ఏడాది జాతీయ ఎన్నికల్లో పార్టీకి దాదాపు 10 శాతం ఓట్లు వచ్చాయి. ‘దొంగ రోమ్’ అన్న నినాదం మిలాన్ దుకాణదారుకు, వెనెతో చిన్న ఫ్యాక్టరీ యజమానికి సూటిగా తగిలింది: మా పన్నులు రోమ్ మింగుతోంది, దక్షిణాది తింటోంది.

పన్నుల ఫిర్యాదు కొంత నిజమే, ఉత్తరం చెల్లించేదాంట్లో పెద్ద భాగం దక్షిణానికి వెళ్తుంది. కానీ రోమ్‌కూ ఉత్తరానికీ మధ్య రాసుకున్న ఒప్పందం, దాన్ని ఎవరో చింపేసిన సందర్భం అంటూ ఏవీ లేవు. అందుకే ఈ ఉద్యమానికి లంగరు లేకపోయింది. 2013 చివర్లో పగ్గాలు చేపట్టిన మత్తెయో సల్వీనీ 2018 ఎన్నికల నాటికి పార్టీ పేరులోంచి ‘నార్తర్న్’ మాటను పక్కనపెట్టి, దొంగ స్థానంలో రోమ్‌ను తీసి బ్రస్సెల్స్‌నూ వలసవచ్చినవారినీ కూర్చోబెట్టాడు. నిన్నటివరకు తిట్టిన దక్షిణాదిలోనే ఓట్లు అడిగాడు. 2018లో 17 శాతం, 2019 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో 34 శాతం ఓట్లు వచ్చాయి. 2022కల్లా అవి 9 శాతానికి పడిపోయాయి. పదానియా ఊసు ఎక్కడా మిగలలేదు. మిగిలింది అదనపు స్వయంపాలన కోరిక: 2017 అక్టోబరు 22న వెనెతో, లొంబార్దీ ప్రాంతాలు ప్రజాభిప్రాయ సేకరణ జరిపి కోరినది అదే. అందుకోసం 2024లో తెచ్చిన చట్టాన్ని కూడా రాజ్యాంగ న్యాయస్థానం కొంత మేర కొట్టివేసింది.

కాటలోనియా: చెల్లని 14 అధికరణలు

కాటలోనియా కథ ఇందుకు భిన్నమైనది. 2006లో కొత్త స్వయంపాలన శాసనం రూపుదిద్దుకుంది. కాటలన్ పార్లమెంటు దాన్ని రాసింది, స్పెయిన్ పార్లమెంటు కొంత కత్తిరించి ఆమోదించింది, ఆ జూన్ 18న ప్రజలు ఓటు వేసి ఖరారు చేశారు. పోలింగు సగానికి కొంచెం తక్కువే అయినా, ఓటు వేసినవారిలో దాదాపు 74 శాతం ఒప్పుకున్నారు. అప్పటి ప్రతిపక్షం పీపుల్స్ పార్టీ దాని మీద రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. నాలుగేళ్ల తర్వాత, 2010 జూన్ 28న, కోర్టు 14 అధికరణలను పూర్తిగానో పాక్షికంగానో కొట్టివేసింది, మరో 27 అధికరణలను ఎలా అర్థం చేసుకోవాలో నిర్దేశించింది. న్యాయపరంగా అది కోర్టు అధికార పరిధిలోని పనే. రాజకీయంగా మాత్రం, మూడు మెట్లెక్కి ప్రజల ఓటుతో ముద్రపడిన ఒప్పందాన్ని తర్వాత కొందరు న్యాయమూర్తులు మార్చేశారన్న భావన బలంగా నాటుకుంది. జూలై 10న బార్సిలోనా వీధులు నిండిపోయాయి. అంతవరకు స్పష్టమైన మైనారిటీగా ఉన్న స్వాతంత్ర్య వాదం కొద్ది సంవత్సరాల్లోనే సగం జనాభాకు చేరువైంది.

పాపులిజం తన పని మొదలుపెట్టింది ఈ మధ్యకాలంలోనే. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఖర్చుల కోత విధించిన ప్రభుత్వాల్లో బార్సిలోనా ప్రభుత్వం కూడా ఒకటి. 2011 జూన్ 15న కోతలపై ఆగ్రహించిన నిరసనకారులు కాటలన్ పార్లమెంటును చుట్టుముడితే, ప్రాంత అధ్యక్షుడు ఆర్తుర్ మాస్ హెలికాప్టర్‌లో సభకు చేరుకోవాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి అదే నాయకుడు మాడ్రిడ్ వెళ్లి ప్రత్యేక పన్నుల ఒప్పందం అడిగి, ప్రధాని మరియానో రహోయ్ కాదనడంతో స్వాతంత్ర్యం వైపు తిరిగాడు. కోతల మీద మండిన కోపం దిశ మార్చుకుని మాడ్రిడ్ మీదికి మళ్లింది. ఆ మార్పును నాయకుల గడుసుదనంగా మాత్రమే చూడటం సరికాదు, 2010 తీర్పు తగిలించిన గాయం లేకపోతే జనం అంత తేలిగ్గా మళ్లేవారు కారు.

పన్నుల విషయంలో పక్కనే ఒక పోలిక ఉంది. బాస్క్ ప్రాంతం, నవర్రా తమ పన్నులు తామే వసూలు చేసుకుని, ఉమ్మడి ఖర్చుల కింద మాడ్రిడ్‌కు ఒక వాటా కడతాయి. కాటలోనియాలో ప్రధానమైన పన్నులు కేంద్రమే వసూలు చేసి, సూత్రం ప్రకారం తిరిగి పంచుతుంది. స్పెయిన్ స్థూల ఉత్పత్తిలో దాదాపు 19 శాతం సమకూర్చే ప్రాంతానికి, పొరుగువారికి ఉన్నది తనకు లేకపోవడం ప్రతి బడ్జెట్‌లోనూ గుర్తుకొస్తుంది.

2017 అక్టోబరు 1న కోర్టు నిషేధించినా స్వాతంత్ర్యంపై ఓటింగు జరిగింది. పోలింగు 43 శాతం, అందులో 90 శాతం స్వాతంత్ర్యానికి అనుకూలం. వ్యతిరేకించేవారిలో ఎక్కువమంది ఇళ్లలోనే ఉండిపోయారు. పోలీసులు ఓటర్లను లాఠీలతో చెదరగొట్టిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. అక్టోబరు 27న స్వాతంత్ర్య ప్రకటన, అదే రోజు 155వ అధికరణ కింద మాడ్రిడ్ ప్రత్యక్ష పాలన. అధ్యక్షుడు కార్లెస్ పుగ్డెమోంట్ బెల్జియం వెళ్లిపోయాడు. 2019లో తొమ్మిది మంది నేతలకు 9 నుంచి 13 ఏళ్ల వరకు జైలు శిక్షలు పడ్డాయి, 2021లో క్షమాభిక్ష వచ్చింది. 2023 ఎన్నికల తర్వాత ప్రధాని పెద్రో సాంచెజ్‌కు మెజారిటీ కావాలంటే రెండు కాటలన్ స్వాతంత్ర్యవాద పార్టీల చెరి ఏడు సీట్లు అవసరమయ్యాయి. ఫలితంగా 2024లో సామూహిక క్షమాభిక్ష చట్టం వచ్చింది. అదే ఏడాది మేలో జరిగిన ప్రాంతీయ ఎన్నికల్లో స్వాతంత్ర్యవాద పార్టీలు మెజారిటీ కోల్పోయాయి. జైళ్లు చేయలేని పనిని బేరసారాలు చేశాయని చెప్పడానికి ఇది బలమైన ఆధారం.

స్కాట్లాండ్: ఓటు తర్వాత మారిన షరతు

1707లో ఇంగ్లండ్‌తో కలిసిన స్కాట్లాండ్‌కు 1999లో సొంత పార్లమెంటు వచ్చింది. 2014 సెప్టెంబరు 18న, లండన్ సమ్మతితోనే జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 55 శాతం మంది బ్రిటన్‌లోనే ఉందామన్నారు. ఉండిపోవాలన్న పక్షం వినిపించిన వాదనల్లో ఒకటి ఇది: బ్రిటన్‌లో ఉంటేనే యూరోపియన్ యూనియన్ సభ్యత్వం భద్రం. రెండేళ్లు తిరక్కుండానే, 2016 జూన్ 23న, బ్రిటన్ మొత్తం మీద 52 శాతం యూనియన్‌ను వీడాలన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలన్నారు, అక్కడి 32 స్థానిక పాలనా ప్రాంతాల్లో ఒక్కటి కూడా వీడాలనలేదు.

యూనియన్‌ను వీడాలన్న ఈ బ్రెగ్జిట్ కూడా ఒక సమాఖ్య నుంచి స్వాతంత్ర్యం కోరిన పాపులిస్టు ఉద్యమమే. దాని నాయకుడు నైజెల్ ఫరాజ్ ఆ రోజును బ్రిటన్ స్వాతంత్ర్య దినంగా జరపాలన్నాడు. ఒక ఉద్యమం గెలుపు మరో ఉద్యమానికి ప్రాణం పోసింది: ఏ షరతు మీద ఓటు వేశామో ఆ షరతే మాయమైందని స్కాటిష్ నేషనల్ పార్టీ వాదించింది. లండన్ అనుమతి లేకుండా మరో ఓటింగు జరిపే అధికారం ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ పార్లమెంటుకు లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. బ్రిటన్ పార్లమెంటులోని స్కాట్లాండ్ సీట్లలో 2015లో 59కి 56 గెలిచిన స్కాటిష్ నేషనల్ పార్టీ 2024లో తొమ్మిదికి దిగింది. దీర్ఘకాలం అధికారంలో ఉన్న పార్టీ తానే పెద్దల శిబిరంలోకి చేరిపోయినట్లు కనిపించడం ఇందుకు ఒక కారణం. పాపులిజం ఇచ్చే వేగానికి ఆ పరిమితి ఎక్కడైనా ఉంటుంది.

బెల్జియం

భాష పేరుతో ఎప్పుడో చీలిపోవాల్సిన దేశంగా చాలామంది లెక్కవేసింది బెల్జియంనే. 2010–11లో 541 రోజులు పూర్తి స్థాయి ప్రభుత్వం లేకుండా నడిచింది. కానీ 1970 నుంచి 2011 వరకు ఆరు విడతలుగా రాజ్యాంగాన్ని సంస్కరించుకుంటూ, డచ్, ఫ్రెంచ్ భాషల ప్రాంతాలు అధికారాలను తిరిగి తిరిగి పంచుకున్నాయి. విసుగు పుట్టించేంత నెమ్మది ప్రక్రియ అది. అయినా ఫ్లాండర్స్ స్వాతంత్ర్యాన్ని ఆశయంగా పెట్టుకున్న పార్టీ నాయకుడు బార్ట్ డి వెవర్ 2025 ఫిబ్రవరిలో అదే బెల్జియానికి ప్రధాని అయ్యాడు.

యూనియన్ తలుపు

యూనియన్ లోపల చిన్న దేశంగా బతకడం కష్టం కాదని లక్సెంబర్గ్, మాల్టా చూపిస్తున్నాయి. ఉమ్మడి మార్కెట్, ఉమ్మడి కరెన్సీ ఉన్నప్పుడు పెద్ద దేశంలో భాగంగా ఉండటం వల్ల వచ్చే లాభం తగ్గుతుంది. ‘యూరప్‌లో స్వాతంత్ర్యం’ అన్న నినాదాన్ని స్కాటిష్ నేషనల్ పార్టీ 1980ల చివర్లో ఎత్తుకోవడానికి తర్కం ఇదే.

అయితే తలుపు దగ్గర కావలి కాసేది సభ్యదేశాలే. సభ్యదేశం నుంచి వేరుపడిన ప్రాంతం ఆ రోజే యూనియన్‌కు బయటిదవుతుందని యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు రొమానో ప్రోడి 2004లో చెప్పిన వైఖరే ఇప్పటికీ చెల్లుతోంది. తిరిగి చేరాలంటే యూనియన్ ఒప్పందంలోని 49వ అధికరణ కింద దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రతి సభ్యదేశమూ ఒప్పుకోవాలి. సెర్బియా నుంచి విడిపోయిన కొసావోను ఇప్పటికీ గుర్తించని స్పెయిన్, కాటలోనియాకు చేయెత్తుతుందని ఎవరూ అనుకోరు. ఈ సంగతి బ్యాంకులకు రాజకీయ నాయకుల కంటే ముందే అర్థమైంది. 2017 అక్టోబరు మొదటి వారంలోనే సబదెల్ బ్యాంకు తన నమోదిత కార్యాలయాన్ని అలికాంతెకు, కైషాబ్యాంక్ వలెన్సియాకు మార్చుకున్నాయి. యూరో కేంద్ర బ్యాంకు అండ ఒక్కరోజు తప్పినా డిపాజిటర్లు బారులు తీరతారన్న భయం అది.

డెల్టాకు దీనితో పని

భీమవరం పరిసరాల చెరువుల్లో పెరిగి, శీతల కంటైనర్‌లో ఆంట్వెర్ప్ రేవుకు చేరే రొయ్య ఫ్లాండర్స్ నేల మీద దిగుతుంది, కానీ దానికి వర్తించే నియమాలు యూనియన్‌వి. మన చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల తనిఖీని 2016లో 10 శాతం సరుకు నుంచి 50 శాతానికి పెంచింది బ్రస్సెల్సే. ఆ ఒక్క నిర్ణయం యూనియన్‌లోని అన్ని రేవుల్లోనూ అమలైంది. బ్రిటన్ బయటికొచ్చాక దాని సుంకాలు, నియమాలు వేరు. 2025 జూలై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం రొయ్యల మీద సుంకాన్ని ఎత్తివేసేది. ఎగుమతిదారు ఇప్పుడు రెండు పుస్తకాలు చదవాలి. మరో ప్రాంతం విడిపోతే మూడో పుస్తకం వస్తుంది, కుదుటపడేవరకు సరుకు రేవులో ఆగే ప్రమాదమూ ఉంటుంది. గ్లాస్గో, ఎడిన్‌బరోలలో చదివే తెలుగు విద్యార్థుల వీసాలు మాత్రం లండన్ చేతిలోనే ఉన్నాయి. తమకు ప్రత్యేక వీసా కావాలని స్కాట్లాండ్ ప్రభుత్వం 2020 జనవరిలో చేసిన ప్రతిపాదనను లండన్ తిరస్కరించింది.

మాట తప్పారన్న ఆవేదన ఆంధ్రలోనూ ఉంది. 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో అయిదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు, అది రాలేదు. దాని బదులు 2016లో ప్యాకేజీ వచ్చింది. 2018లో తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికొచ్చింది, 2024లో 16 మంది ఎంపీలతో అదే ప్రభుత్వానికి ఆసరా అయ్యింది. ఆవేదన వేర్పాటు వైపు మళ్లకపోవడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది: ఢిల్లీలో ప్రభుత్వాన్ని నిలబెట్టగల, కదిలించగల బలం రాష్ట్రానికి ఎప్పటికప్పుడు దక్కుతూ ఉండటం.

ఆ బలానికి కొలత లోక్‌సభ సీట్లు. 1971 జనాభా లెక్కల ఆధారంగా రాష్ట్రాల సీట్ల సంఖ్యను 1976లో స్తంభింపజేశారు. 2001లో 84వ సవరణతో దాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించారు. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదన్న మాట ఆ ఏర్పాటు వెనుక ఉంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణన ఫలితాలు వెలువడితే ఆ గడువు తీరిపోతుంది. ఆర్థిక సంఘం లెక్కల్లో ఇప్పటికే ఒక రుచి చూశాం: 2011 జనాభాను ప్రాతిపదికగా తీసుకున్న 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల పంపకంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 శాతం నుంచి 4.047కు తగ్గింది. సీట్ల కొత్త లెక్కను రాష్ట్రాలతో కూర్చుని బెల్జియంలా ఓపికగా కుదుర్చుకుంటారా, సంఖ్యాబలంతో ఖరారు చేస్తారా అన్నదాన్ని బట్టి, దక్షిణాది పార్టీలు తమ ఓటర్లతో రానున్న దశాబ్దంలో ఏ భాషలో మాట్లాడతాయో తేలుతుంది.